లగ్గం కాగితం

మా ఇంట్లో అమ్మది తెలుగు, నాన్నది కన్నడం. పెళ్లిని అమ్మ "లగ్గం" అంటుంది, నాన్న "లగ్న" అంటాడు. ఇద్దరి మాటా దాదాపు ఒకటే. కానీ వాళ్ల లగ్గానికి కాగితం ఏదని మొన్న నేను అడిగితే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఏం కాగితం బిడ్డా, ఊరంతా చూసింది గదా!" అంది అమ్మ.

నేను అడగడానికి కారణం మా పిన్ని. ఆమెది జహీరాబాద్ దగ్గర ఊరు. పోయిన ఏడాది బాబాయి చనిపోయాడు. ఆయన పనిచేసిన చోట నుంచి రావలసిన డబ్బు కోసం వెళ్తే, "నువ్వే ఆయన భార్యవని రుజువేంటమ్మా?" అని అడిగారు. పదిహేడేళ్ల కాపురం, ఇద్దరు పిల్లలు. పిన్ని పెళ్లి ఆల్బమ్ పట్టుకుపోయింది, అది సరిపోదన్నారు. పెళ్లి చేసిన అయ్యగారు అప్పటికే లేరు. అఫిడవిట్లు, సంతకాలు అంటూ పదకొండు నెలలు తిరిగింది. అందుకే ఈసారి గోడ పత్రికకు కవిత బదులు ఈ వ్యాసం రాస్తున్నాను.

కోర్టు పెళ్లి కోర్టులో జరగదు

సినిమాల్లో హీరో హీరోయిన్లు కోర్టుకు పరుగెత్తుతారు. నిజానికి మన దగ్గర ఈ పని జరిగేది రిజిస్ట్రార్ ఆఫీసులో. జడ్జి ఉండరు, వివాహ అధికారి ఉంటారు. చట్టంలో రెండు దారులున్నాయి. వాటిని కలిపేసి మాట్లాడడం వల్లే మనకు తికమక.

మొదటి దారి 1955 నాటి హిందూ వివాహ చట్టం. ఇది హిందువులకు, బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు వర్తిస్తుంది. మన బీదర్ వాళ్లం గమనించాల్సింది ఏమిటంటే, వీరశైవ, లింగాయత అనే పేర్లు ఈ చట్టం 2వ సెక్షన్‌లోనే ఉన్నాయి. ఇందులో ముందు పెళ్లి జరగాలి, తర్వాత నమోదు. వధువు వైపు ఆచారమైనా, వరుడి వైపు ఆచారమైనా సరే, పెళ్లి తంతు జరగాలి. సప్తపది ఉండే ఆచారమైతే ఏడో అడుగుతో పెళ్లి పూర్తయినట్టు. ఆ తర్వాత పెళ్లి పత్రిక, ఫొటోలు, వయసు రుజువు, సాక్షులతో సబ్ రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్లి నమోదు చేయించుకోవాలి.

నమోదు చేయనంత మాత్రాన పెళ్లి చెల్లకుండా పోదు. అంటే మా పిన్ని పెళ్లి చట్టం దృష్టిలో పెళ్లే. ఆమెకు లేనిది సులువుగా చూపించే రుజువు. 2006 ఫిబ్రవరిలో సీమా కేసులో సుప్రీంకోర్టు పెళ్లిళ్ల నమోదును తప్పనిసరి చేయమని రాష్ట్రాలను ఆదేశించింది. కర్ణాటకలో అంతకుముందే 1976 నాటి చట్టం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2002లో చట్టం వచ్చింది, అప్పటికి తెలంగాణ అందులోదే.

తంతు లేకుండా ఉత్త సర్టిఫికెట్ తెచ్చుకుంటే? అది కూడా కుదరదు. 2024 ఏప్రిల్‌లో జస్టిస్ బి.వి. నాగరత్న ఉన్న సుప్రీంకోర్టు ధర్మాసనం, తంతు జరగకుండా రిజిస్ట్రేషన్ మాత్రమే చేయించుకుంటే అది హిందూ వివాహం కాదని చెప్పింది. మొదటి దారిలో కాగితం పెళ్లికి రుజువు, అంతే. కాగితమే పెళ్లి కాదు.

రెండో దారి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. ఏ మతం వాళ్లయినా, వేర్వేరు మతాల వాళ్లయినా దీని కింద చేసుకోవచ్చు. ఇందులో తంతు అక్కర్లేదు. అధికారి ముందు, ముగ్గురు సాక్షుల ముందు, నిన్ను చట్టప్రకారం నా భర్తగా స్వీకరిస్తున్నానని ఆమె, భార్యగా స్వీకరిస్తున్నానని అతను చెప్పాలి. ఏ భాషలో? ఇద్దరికీ అర్థమయ్యే ఏ భాషలోనైనా! తెలుగులో చెప్పొచ్చు, కన్నడంలో చెప్పొచ్చు. ఈ మాట చదివి నాకు భలే సంతోషమైంది.

రెండు చట్టాల్లోనూ అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. అమ్మాయి వయసును కూడా 21 చేయాలని 2021లో పార్లమెంటులో బిల్లు పెట్టారు కానీ అది చట్టం కాలేదు. మన ఇళ్లల్లో మేనరికాల సంగతేంటని అడుగుతారేమో. దగ్గరి బంధువుల పెళ్లిని హిందూ వివాహ చట్టం నిషేధించింది, కానీ ఇరువైపులా ఆచారం ఒప్పుకుంటే మినహాయింపు ఇచ్చింది.

కల్యాణం నుంచి 1954 దాకా

కులం దాటి పెళ్లి చేసుకుంటే ఏమవుతుందో మన జిల్లాకు ఎనిమిది వందల ఏళ్ల కిందటే తెలుసు. పన్నెండో శతాబ్దంలో బసవకల్యాణంలో బసవేశ్వరుని అనుచరులైన శరణులు ఒక పెళ్లి చేశారని చెప్తారు. బ్రాహ్మణుడైన మధువరసు కూతురికి, చెప్పులు కుట్టే హరళయ్య కొడుక్కి. బిజ్జల రాజు ఆ తండ్రులిద్దరికీ మరణశిక్ష వేశాడని, దాంతో కల్యాణం అట్టుడికిపోయిందని కథ. ఆ పెళ్లికి శరణుల అండ ఉంది, రాజు చట్టం అండ లేదు.

బ్రిటిష్ ఇండియాలో 1872లో మొదటి ప్రత్యేక వివాహ చట్టం వచ్చింది. కానీ దాని కింద చేసుకోవాలంటే "నేను హిందువును కాను, ముస్లింను కాను" అంటూ తమ మతాన్ని కాదని రాసివ్వాలి. 1923 సవరణ ఆ షరతును కొందరికి సడలించింది. స్వతంత్రం వచ్చాక 1954 చట్టం దాన్ని తీసేసింది. ఎవరి మతం వాళ్లు ఉంచుకునే పెళ్లి చేసుకోవచ్చు.

గోడ మీది నోటీసు

ఇక్కడే నాకు నచ్చని విషయం ఒకటుంది. ప్రత్యేక వివాహ చట్టం కింద ముందుగా నోటీసు ఇవ్వాలి. ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో 30 రోజులు ఉండి ఉండాలి. ఆ నోటీసు కాపీని ఆఫీసులో అందరికీ కనిపించే చోట అంటిస్తారు. అమ్మాయి బీదర్, అబ్బాయి సంగారెడ్డి జిల్లా అయితే రెండు చోట్లా అంటిస్తారు. 30 రోజుల్లోపు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. చెప్పాల్సింది చట్టంలోని షరతుల గురించే: వయసు, ఇదివరకే పెళ్లయి భార్యో భర్తో ఉండడం, దగ్గరి బంధుత్వం లాంటివి. "మా కులం కాదు", "మాకు ఇష్టం లేదు" అనేవి అభ్యంతరాలే కావు.

కానీ చిన్న ఊళ్లో ఆ కాగితం ఎవరి కంట పడుతుందో మనకు తెలుసు. అధికారి చదివే లోపే మేనమామ చదివేస్తాడు. 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు, జంట కోరితేనే నోటీసు అంటించాలని చెప్పింది. ఆ తీర్పు మన రాష్ట్రాన్ని కట్టడి చేయదు, చట్టంలోని మాట ఇంకా అలాగే ఉంది. ఇంకోవైపు, 2018 మార్చిలో శక్తి వాహిని కేసులో సుప్రీంకోర్టు, ఇద్దరు మేజర్లు ఇష్టపడి చేసుకునే పెళ్లికి ఊరి పెద్దల అనుమతి అక్కర్లేదని, బెదిరింపులుంటే పోలీసులు రక్షణ ఇవ్వాలని చెప్పింది. ఇది గుర్తుపెట్టుకోండి.

దొంగ పెళ్లిళ్లను ఆపడానికే నోటీసు అని కొందరంటారు. అదీ ఆలోచించాల్సిందే. మొదటి భార్య ఉన్న మగవాడు ఇంకో అమ్మాయిని మోసం చేయకుండా అది ఆపగలదు. అయితే ఆ పరిశీలన అధికారి రికార్డులు చూసి చేయొచ్చు, అమ్మాయి చిరునామాను గోడకెక్కించి కాదు. ఇది నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోతే కింద ఉన్న తెల్ల కాగితం మీద రాయండి.

నా వయసు పందొమ్మిది. ఎవర్ని చేసుకుంటానో, ఎప్పుడు చేసుకుంటానో నాకింకా తెలీదు. ఇంట్లో వాళ్లు కుదిర్చినా, నేనే కుదుర్చుకున్నా, పెళ్లి బట్టల లిస్టులో ఈ కాగితాన్ని కూడా రాసుకుంటాను. మీరూ రాసుకోండి. మీ ఇంట్లో అక్కకో వదినకో ఈ నెలలో పెళ్లి ఉంటే, ఫొటోలు వచ్చే లోపే గుర్తు చేయండి.

పెళ్లయి ఏళ్లు గడిచినా నమోదు చేయించుకోవచ్చు. అమ్మ పాత పెట్టెలో పెళ్లి పత్రిక వెతికి తీసింది. ఒకవైపు తెలుగు, ఒకవైపు కన్నడం, మూలల్లో పసుపు ఇంకా ఉంది. నాన్న క్యాలెండర్‌లో వచ్చే సోమవారానికి సున్నా చుట్టాడు. పిన్నిని కూడా సాక్షిగా రమ్మన్నాం. వస్తానంది.