పట్టి విడువని బ్రేకు: దోషమును కనుగొను విధము



గత కోతల కాలమున ధాన్యపు బస్తాలతో పోవుచున్న ఒక పాత లారీ దారిలో నిలిచిపోయెను. పెడలు వదలినను ముందటి ఎడమ చక్రము బ్రేకు విడువలేదు. డ్రమ్మునుండి పొగ వచ్చుచుండెను. డ్రైవరు బ్లీడరు నిపిల్‌ను వదులు చేయగా ద్రవము చిమ్మి చక్రము తిరిగెను. అతడు సంతోషించి బయలుదేరబోగా నేను వారించితిని. చక్రము వదలినదే గాని దోషము పోలేదు. బస్తాలపై కూలీలు కూర్చుండియుండిరి.

పెడలు త్రొక్కినప్పుడు మాస్టరు సిలిండరునుండి ద్రవము గొట్టముల వెంట పోయి షూలను డ్రమ్మునకు అదుమును. వదలినప్పుడు అది వచ్చిన దారినే మరలవలెను. మరలనిచో, తూము పూడిన మడిలో నీరు నిలిచినట్లు, ఒత్తిడి నిలిచిపోవును. ఆ పూడిక ఎచ్చటనో ఊహింపక పరీక్షించి తెలిసికొనవలెను.

డ్రమ్ములు చల్లారిన పిదప బండిని సమతలమున నిలిపి, నేలనున్న చక్రములకు అడ్డుచెక్కలు పెట్టి, జాకీతో ఎత్తి, ఇరుసు క్రింద గట్టి దిమ్మెలు నిలుపుడు. జాకీ నొక్కదానినే నమ్మరాదు. గేరును, హ్యాండు బ్రేకును విడిచి, పెడలు పలుమారులు త్రొక్కి వదలి, చక్రమును చేతితో త్రిప్పి చూడుడు.

1. చక్రము పట్టియున్నచో మాస్టరు సిలిండరువద్ద గొట్టపు బిగింపును కొంచెము వదులు చేయుడు. చక్రము వదలినచో దోషమచ్చటనే కలదు: పెడలు కడ్డీకి ఆట లేకుండుట, లేదా లోపలి సన్నని రంధ్రము పూడుట.

2. వదలనిచో చక్రమువద్ద బ్లీడరును విప్పుడు. ఇప్పుడు వదలినచో నడుమనున్న గొట్టము పూడినది. రబ్బరు గొట్టము పైకి బాగుగ కనబడుచునే లోపల ఉబ్బి దారి మూయును.

3. అప్పటికిని వదలనిచో ద్రవముతో నిమిత్తము లేదు. తుప్పు పట్టిన పిస్టను, విరిగిన స్ప్రింగు, మితిమీరి బిగించిన షూలు, వెనుక చక్రమైనచో హ్యాండు బ్రేకు తీగ, వీనిని చూడవలెను.

మరునాడు మెకానిక్కు ఈ క్రమముననే పరీక్షింపగా పై లారీలో చెడినది రబ్బరు గొట్టమని తేలెను.

విప్పిన బిగింపులను బిగించి, గాలి పూర్తిగ తీసి, బ్రేకు గట్టిగ నిలుచుట చూచినగాని బండి నడపరాదు. మూతపై వ్రాసిన రకపు బ్రేకు ద్రవమునే పోయుడు. ఇంజను నూనె పోసినచో లోపలి రబ్బరు బిళ్లలు ఉబ్బి అన్ని చక్రములును పట్టును. గాలి బ్రేకుల లారీలకు ఈ పరీక్ష చెల్లదు. అందు గాలి తగ్గినను చక్రములు పట్టును. వానిలోని బలమైన స్ప్రింగు డబ్బాలను విప్పుట ప్రాణాపాయము.

బండి కదలుట చాలదు, నిలుపవలసినచోట నిలువవలెను.