లైనక్స్ ల్యాప్‌టాప్‌కి పెద్ద తెర: "థ"లో చుక్క కనపడాలంటే

ఈసారి శ్లోకార్థం పక్కనపెట్టి మానిటర్ గురించి మాట్లాడుకుందాం. కారణం ఉంది. మన వీడియోల్లో కింద వచ్చే తెలుగు పాఠం టైప్ చేస్తాం, సరిచూస్తాం అని కొంతమంది ముందుకొచ్చారు. ఎక్కువమంది దగ్గర ఉన్నది పాత ల్యాప్‌టాపే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయాక, వాటిలో కొన్ని ఉబుంటుకో మింట్‌కో మారాయి.

ఇప్పుడు చిన్న తెర మీద "అర్థం" అని ఉందో "అర్ధం" అని ఉందో చూసి చెప్పండి. ఒకటి భావం, ఇంకోటి సగం. తేడా అంతా "థ" నడుమ ఉన్న ఒక్క చుక్క. అదీ ఒత్తుగా, కింద, చిన్నగా. చదివేవాళ్ళు మనం వేసిందే సరైనదని నమ్మి పారాయణ చేస్తారు కాబట్టి ఆ చుక్క చిన్న విషయం కాదు. ఒక తెర మీద పాత పుస్తకం స్కాన్, ఇంకో తెర మీద టైపింగ్ పెట్టుకుంటేనే ఈ పని కుదురుతుంది.

నేను రాయచోటిలో ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తాను. ఈ ఎడిటింగూ అదే టేబుల్ మీద. 14 అంగుళాల ల్యాప్‌టాప్, పక్కన సెకండ్ హ్యాండ్‌లో కొన్న 24 అంగుళాల మానిటర్. కమాండ్‌లు ఇక్కడ పలికేటట్టే రాస్తున్నా, అక్షరం అక్షరం టైప్ చేయాల్సింది వీడియోలో తెర మీద ఉంది.

ముందు కేబుల్. రెండు వైపులా హెచ్‌డీఎమ్‌ఐ ఉంటే తలనొప్పి లేదు. మానిటర్‌కి పాత నీలం రంగు వీజీఏ మాత్రమే ఉంటే, లోపల చిప్ ఉన్న కన్వర్టర్ కావాలి. హెచ్‌డీఎమ్‌ఐ డిజిటల్, వీజీఏ అనలాగ్, ఉత్త వైర్లు కలిపిన కేబుల్ పనిచేయదు. యూఎస్‌బీ-సీ పోర్ట్ ఉంది కదా అని కేబుల్ కొనేయకండి. ఆ పోర్ట్ బొమ్మని కూడా పంపగలిగేదై ఉండాలి. పక్కన డిస్‌ప్లేపోర్ట్ గుర్తో, థండర్‌బోల్ట్ మెరుపు గుర్తో ఉందా చూడండి. గుర్తు లేకపోతే మీ మోడల్ వివరాల్లో వెతకండి. చార్జింగ్‌కీ డేటాకీ మాత్రమే పెట్టిన పోర్ట్ అయితే ఏ సెట్టింగ్ మార్చినా బొమ్మ రాదు.

కేబుల్ పెట్టాక తెర నల్లగానే ఉంటే చాలామంది వెంటనే డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి పోయి అన్నీ నొక్కేస్తారు. దానికంటే ముందు లైనక్స్ కెర్నెల్‌ని ఒక్క ప్రశ్న అడగండి: నీకు మానిటర్ కనపడుతోందా? టెర్మినల్ తెరిచి "స్లాష్ సిస్, స్లాష్ క్లాస్, స్లాష్ డీఆర్‌ఎమ్" ఫోల్డర్‌లోకి వెళ్తే ఒక్కో పోర్ట్‌కీ ఒక్కో ఫోల్డర్ ఉంటుంది. అందులో "స్టేటస్" అనే ఫైల్ చదవండి. "కనెక్టెడ్" అని ఉంటే కేబుల్ బాగుంది, పని సెట్టింగ్స్‌లో ఉంది. "డిస్‌కనెక్టెడ్" అని ఉంటే సెట్టింగ్స్ జోలికే పోవద్దు. కేబుల్ మార్చండి, మానిటర్ ఇన్‌పుట్ సరైనదానికి తిప్పారా చూడండి. ఈ ఒక్క ఫైల్ చదివితే సగం తిప్పలు తప్పుతాయి.

ఆ పోర్ట్ ఫోల్డరే లేదనుకోండి, అనుమానం గ్రాఫిక్స్ డ్రైవర్ మీదకి పోతుంది. గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి హెచ్‌డీఎమ్‌ఐ పోర్ట్ ఎన్విడియా చిప్‌కి కలిపి ఉంటుంది. డ్రైవర్ సరిగా లేకపోతే ల్యాప్‌టాప్ తెర మామూలుగా వెలుగుతూనే ఉంటుంది, బయటి పోర్ట్ మాత్రం పలకదు. ఉబుంటులో "అడిషనల్ డ్రైవర్స్" తెరిచి రికమెండెడ్ అని ఉన్నది వేయండి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ అయ్యాక నీలం తెర వస్తుంది, అక్కడ "ఎన్‌రోల్ ఎమ్‌ఓకే" ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ తెర చూసి భయపడి "కంటిన్యూ బూట్" నొక్కేస్తే డ్రైవర్ లోడ్ కాదు.

మానిటర్ తన వివరాలు తనే చెప్పుకుంటుంది. పెళ్ళిచూపుల్లో ఇంటిపేరు, ఊరు, గోత్రం చెప్పినట్టు, తన పేరు, కొలతలు, ఏ రెజల్యూషన్ పడుతుందో అన్నీ 128 బైట్ల చిన్న చిట్టాలో పెట్టి కేబుల్ గుండా పంపుతుంది. దీన్ని ఈడీఐడీ అంటారు, 1994 నుంచి ఉన్న పద్ధతి. నాసిరకం కన్వర్టర్లు ఈ చిట్టాని సరిగా దాటనివ్వవు. అప్పుడు 1920×1080 మానిటర్‌కి కూడా 1024×768 మించి కనపడదు. "సీవీటీ"తో మోడ్‌లైన్ తయారు చేసి "ఎక్స్‌ర్యాండ్‌ఆర్"తో చేర్చొచ్చు, కానీ అది ఎక్స్11 సెషన్‌లోనే. మింట్ సినమన్‌లో మామూలుగా ఉండేది అదే. ఉబుంటు 22.04, 24.04లలో అయితే లాగిన్ తెర మీద చక్రం గుర్తు నొక్కి "ఉబుంటు ఆన్ ఎక్సార్గ్" ఎంచుకోవాలి. నన్నడిగితే ఈ తంటా కన్నా ముందు కేబుల్‌నో కన్వర్టర్‌నో మార్చి చూడటం మేలు.

బొమ్మ వచ్చింది. ఇక్కడే మన చుక్క పోయేది. మిర్రర్ మోడ్‌లో రెండు తెరలకీ ఒకే బొమ్మ పోవాలి కాబట్టి, రెండూ ఒప్పుకునే రెజల్యూషన్ పెడతారు. మీ ల్యాప్‌టాప్ 1366×768 అయితే 1920×1080 మానిటర్‌కీ అదే పోతుంది. పంపిన ఒక్కో పిక్సెల్‌ని మానిటర్ దాదాపు 1.4 పిక్సెళ్ళకి సాగదీయాలి. సగం పిక్సెల్ అనేది లేదు కాబట్టి అంచులు అలుక్కుపోతాయి. "థ" కాస్తా "ధ"లా కనపడుతుంది. అందుకే "జాయిన్ డిస్‌ప్లేస్" ఎంచుకోండి, సూపర్ కీ పట్టుకుని పీ నొక్కితే మోడ్‌లు మారతాయి. తర్వాత మానిటర్‌కి దాని సొంత రెజల్యూషనే పెట్టండి.

అక్షరాలు చిన్నవని రెజల్యూషన్ తగ్గించొద్దు. స్కేల్ పెంచితే అదే అక్షరాన్ని ఎక్కువ పిక్సెళ్ళతో గీస్తుంది, చుక్క నిలబడుతుంది. 24 అంగుళాల 1080 మానిటర్‌కి నేనైతే స్కేల్ 100 దగ్గరే ఉంచి, ఎడిటర్‌లో తెలుగు ఫాంట్ మాత్రం 20 పాయింట్లకి పెంచుతా. 125 పెడితే బటన్లూ మెనూలూ కూడా ఉబ్బి స్కాన్‌కి చోటు తగ్గుతుంది. ఫాంట్ విషయానికొస్తే, టైప్ చేసేటప్పుడు నోటో సాన్స్ తెలుగు, సరిచూసేటప్పుడు తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు రూపొందించిన పోతన వాడి చూడండి. అక్షరాల రూపం మారితే, కంటికి అలవాటైపోయిన తప్పు బయటపడుతుంది.

మానిటర్ కొనే వీలు లేనివాళ్ళు హాల్లో టీవీ వాడొచ్చు. మా జేజికి స్తోత్రం పాఠం పెద్దక్షరాల్లో టీవీలోనే పెడతా. మొదటిసారి పెట్టినప్పుడు "కింద వరస యాడికి పాయ నాయనా?" అనింది. చాలా టీవీలు బొమ్మని కాస్త పెద్దది చేసి అంచులు కోసేస్తాయి, ఓవర్‌స్కాన్ అంటారు. లైనక్స్‌లో వెతక్కండి, టీవీ రిమోట్‌లోనే పిక్చర్ సైజ్‌ని "జస్ట్ స్కాన్" లేదా "స్క్రీన్ ఫిట్" చేయాలి. పేరు కంపెనీని బట్టి మారుతుంది. నల్ల నేపథ్యం మీద ఎర్ర అక్షరాలు మసకగా ఉంటే ఆ ఇన్‌పుట్‌ని "పీసీ" మోడ్‌కి మార్చండి. చాలా టీవీలు సినిమాలకని రంగు వివరాల్ని తగ్గించి చూపిస్తాయి. సినిమాలో అది తెలీదు, ఎర్రక్షరాల ఒత్తుల్లో తెలిసిపోతుంది. శబ్దం ఎటు పోవాలో సౌండ్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ దగ్గర ఎంచుకోవాలి.

ఇక ఎండాకాలం సంగతి. కరెంటు పోతే మానిటర్ ఆరిపోతుంది, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది. కానీ మూత వేసి పని చేసే అలవాటుంటే జాగ్రత్త. బయటి తెర ఉన్నంతసేపు మూత వేసినా సిస్టమ్ నిద్రపోదు, ఆ తెర పోయినట్టు సిస్టమ్‌కి తెలిస్తే నిద్రలోకి పోవచ్చు. రెండరింగ్ నడుస్తుంటే మూత తెరిచే ఉంచండి. వేడికీ అదే మంచిది.