పేరున్న ముఖాలు

హిమాలయాలకు ఆవల టిబెట్ ఉంది. చాలా ఎత్తైన ప్రదేశం. చలి ఎక్కువ. అక్కడివాళ్ళు జడలబర్రెలను పెంచుతారు. బార్లీ పండిస్తారు. ఎక్కువమంది బౌద్ధులు.

1950లో చైనా సైన్యం టిబెట్‌లోకి వచ్చింది. 1959లో లాసా నగరంలో జనం తిరగబడ్డారు. సైన్యం అణచివేసింది. మతగురువు దలైలామా మన దేశానికి వచ్చేశారు. ఆ తర్వాత వేలాదిమంది కొండలు దాటి వచ్చారు. వాళ్ళు కాందిశీకులయ్యారు. చలికాలంలో మన పట్టణాల్లో స్వెట్టర్లు అమ్మే టిబెట్ వాళ్ళు ఇలా వచ్చిన కుటుంబాల వాళ్ళే.

వీళ్ళ ముఖాలను ఫొటోలు తీసినవాళ్ళలో ఫిల్ బోర్జెస్ ఒకరు. ఆయనది అమెరికా. మొదట పళ్ళ డాక్టరు. ఆ పని మానేసి ఫొటోలు తియ్యడం మొదలుపెట్టాడు. టిబెట్ వెళ్ళాడు. మన దేశంలో ఉన్న టిబెట్ వాళ్ళ దగ్గరికీ వచ్చాడు. ముసలివాళ్ళను, పిల్లలను, సన్యాసినులను ఫొటోలు తీశాడు. 1996లో అవి పుస్తకంగా వచ్చాయి.

ఆ ఫొటోల్లో కొండలు, ఆకాశం నలుపు తెలుపుల్లో ఉంటాయి. మనిషి ఒంటికి మాత్రం లేత గోధుమరంగు అద్దాడు. అందుకని మన చూపు ముందు ముఖం మీదికే పోతుంది. ఫొటోతోపాటు ఆ మనిషి పేరు, వయసు రాశాడు. పేరు చదవగానే ఆమె మనకు తెలిసిన మనిషిలా అనిపిస్తుంది. పేరుకు అంత విలువ ఉంది.

ఆ పుస్తకం దయ గురించి చెబుతుంది. టిబెట్ భాషలో దయను 'నింజే' అంటారు. ఎదుటివాళ్ళ బాధ పోవాలని కోరుకోవడమే నింజే. శత్రువు బాధ కూడా పోవాలి అంటారు వాళ్ళు. అది తేలికా? కాదు.

దలైలామా ఒక భిక్షువు సంగతి చెబుతుంటారు. ఆ భిక్షువు సుమారు 18 ఏళ్ళు చైనా జైళ్ళలో ఉన్నాడు. తర్వాత మన దేశానికి వచ్చాడు. జైల్లో తనకు పెద్ద ప్రమాదం వచ్చిందన్నాడు. ఏం ప్రమాదమని దలైలామా అడిగారు. చైనా వాళ్ళమీద తనకు దయ పోతుందేమోనని భయపడ్డానన్నాడు.

దయ ఉంటే అన్యాయాన్ని ఒప్పుకోవాలా? అక్కర్లేదు. టిబెట్ వాళ్ళు తమ హక్కులను ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. అడగాలి, పగ మాత్రం పెంచుకోకూడదు అని వాళ్ళ గురువు చెబుతారు.

కొత్త మాటలు
కాందిశీకులు: సొంత దేశం విడిచి వచ్చినవాళ్ళు
భిక్షువు: బౌద్ధ సన్యాసి

ఆలోచించండి
1. ఫొటోలో ముందు ముఖమే ఎందుకు కనబడుతుంది?
2. జైల్లో భిక్షువు దేనికి భయపడ్డాడు?
3. పగ లేకుండా అన్యాయాన్ని ఎదిరించవచ్చా? అందరూ కూర్చుని మాట్లాడుకోండి.