పాలకులను తూచే త్రాసు

నాంపల్లి, ఆబిడ్స్ ప్రాంతాలలో సంచరించే విద్యార్థికి గతించిన పాలకుల జ్ఞాపకాలు అడుగడుగునా ఎదురవుతాయి. నాంపల్లి రైల్వే స్టేషను 1907లో, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో వెలసింది. పబ్లిక్ గార్డెన్సు చెంతనున్న పాత శాసనసభా భవనం 1913లో టౌన్ హాలుగా పూర్తయింది. ఆబిడ్స్ అన్న పేరే ఆ నిజాం కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిడ్ దుకాణం వల్ల వచ్చింది. ఈ కట్టడాలను చూచి పాలకులను మెచ్చుకోవడం సులభం. వారు దేశానికి ఎంత మేలు చేశారో తేల్చడం మాత్రం కష్టం.

తరగతిలో ఏడవ నిజాం ప్రసక్తి వచ్చినప్పుడల్లా ఈ సంగతి మాకు అనుభవానికి వస్తుంది. ఒక విద్యార్థి జలాశయాలను, విశ్వవిద్యాలయాన్ని పేర్కొంటాడు. మరొకరు వెట్టిచాకిరిని, రజాకార్ల దురంతాలను గుర్తుచేస్తారు. ఇద్దరూ చెప్పేది నిజమే. కాని ఒక్కొక్కరు సగం నిజంతోనే తీర్పు చెబుతున్నారు.

ఇతర దేశాలలోనూ ఈ ప్రయత్నం జరిగింది. 1948లో ఆర్థర్ ష్లెసింజర్ అనే ఆచార్యుడు అమెరికా చరిత్రకారులను అడిగి అధ్యక్షులకు శ్రేణులు నిర్ణయించాడు. లింకన్‌కు ప్రథమ స్థానం లభించింది. 1953లో ప్రజాదరణ కోల్పోయి పదవి వీడిన ట్రూమన్‌ను, 1962 నాటి రెండవ పరిశీలనలో మహనీయులకు సమీప శ్రేణిలో నిలిపారు. లిండన్ జాన్సన్ సంగతి ఇంకా చిక్కు. 1964లో పౌరహక్కుల చట్టం తెచ్చినవాడూ ఆయనే, వియత్నాం యుద్ధాన్ని విస్తరింపజేసినవాడూ ఆయనే. ఒక్క అంకెలో ఇమిడే జీవితం కాదది.

కనుక పాలకుని గూర్చి మనం నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. అతనికి సంక్రమించిన స్థితి ఏది? అతని చేతిలో ఉన్న అధికారం ఎంత? చేసిన మేలు ఎవరికి అందింది? అతని తరువాత నిలిచినదేమిటి?

మొదట సాలార్‌జంగును తీసుకొందాం. 1853లో ఇరవై నాలుగేండ్ల వయస్సులో ఆయన దివాను అయ్యేనాటికి ఖజానా అప్పులలో మునిగి ఉన్నది. ఆయన 1865లో జిలాబందీ ద్వారా జిల్లాలను ఏర్పరచి, వేతనం పొందే ఉద్యోగులతో పాలన నడిపించారు. ఆ చట్రం ఆయన 1883లో మరణించిన తరువాత కూడ నిలిచింది. అయితే 1857లో తుర్రెబాజ్‌ఖాన్ కోఠీలోని రెసిడెన్సీపై దాడి చేసినప్పుడు ఆయన ఆంగ్లేయుల పక్షమే వహించారు. 1860లో రాయచూరు ప్రాంతం తిరిగి వచ్చింది గాని, బేరారు కోసం ఆయన ఎంత యత్నించినా ఫలితం దక్కలేదు. రాజ్యాన్ని కాపాడారు, స్వేచ్ఛను కాపాడలేకపోయారు.

ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్ విషయంలో త్రాసు మరింత ఊగుతుంది. 1908 నాటి మూసీ వరద తరువాత నగర రక్షణకై 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయినాయి. 1931లో నిజాంసాగర్ మంజీర నీటిని పొలాలకు మళ్ళించింది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య సాధ్యమని నిరూపించింది. కాని ఆ భాష ఉర్దూ. ప్రజలలో దాదాపు సగంమంది తెలుగువారు. వారి బిడ్డకు తల్లిభాషలో ఆ ద్వారం తెరుచుకోలేదు. సభ జరుపుకోవాలన్నా గస్తీ నిషాన్ 53 క్రింద ముందుగా అనుమతి పొందవలసి వచ్చింది. వెట్టిని నిషేధించిన ఉత్తర్వులు గ్రామాలలో కాగితాలుగానే మిగిలాయి. సర్వాధికారాలు గల పాలకునికి, ‘నా చేతిలో లేదు’ అనే సాకు చెల్లదు. రజాకార్లను ఖండించిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్ 1948 ఆగస్టులో హత్యకు గురయ్యాడు. ఆయన ముస్లిం, ఉర్దూ పత్రికా రచయిత. ఆ పాలనను విమర్శించడం ఒక మతాన్ని విమర్శించడం కాదని ఆయన ప్రాణత్యాగమే చెబుతున్నది.

గెలిచినవారికి కూడ ఇదే త్రాసు వర్తించాలి. 1948 సెప్టెంబరు సైనిక చర్య తరువాత జిల్లాలలో ముస్లింలపై జరిగిన హత్యాకాండను సుందర్‌లాల్ సంఘం విచారించింది. కాని ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. 1952లో ముఖ్యమంత్రి అయిన బూర్గుల రామకృష్ణారావు తెలుగు, ఉర్దూ, పారశీక భాషలలో పండితులు, సౌమ్యులు. వారి ప్రభుత్వం కౌలుదారుల రక్షణను పెంపొందించింది. అయినా ఆ ఏడాదే ముల్కీ ఉద్యమంలో విద్యార్థులపై కాల్పులు జరిగాయి. వ్యక్తి సౌజన్యం ఆ లెక్కను చెరపజాలదు.

విద్యార్థి మిత్రులారా! మేలును, కీడును ఒకదానిలోనుండి ఒకటి తీసివేసి శేషం చెప్పడం చరిత్ర కాదు. నిజాంసాగర్ నీరు వెట్టివాని చెమటను కడిగివేయదు. వెట్టివాని చెమట ఆ నీటిని అబద్ధం చేయదు. రెండు పద్దులనూ విడివిడిగా వ్రాసి ఉంచవలసిందే. మనవారనుకొన్న పాలకుని తప్పులు మనమే ముందుగా చెప్పగలిగితే, అతని ఒప్పులు చెప్పినప్పుడు ఎదుటివారు మన మాట వింటారు. ఉర్దూ, తెలుగు విద్యార్థులు ఒకే బల్లపై కూర్చునే ఇటువంటి కళాశాలలో ఈ అలవాటు కుదరకపోతే మరెక్కడ కుదురుతుంది? మీరు ఆ అలవాటు చేసుకొంటారని ఆశిస్తున్నాము.