గృహమున క్రమము: అందరి బాధ్యత

"ఇంటిని చూచి ఇల్లాలిని చూడుము" అని తెలుగు సామెత. ఉర్దూ మాటలాడు కుటుంబములలో ఈ భావమునే "సలీఖా" అను ఒక్క పదము తెలుపును. వస్తువును దాని చోట ఉంచుట, పనిని దాని వేళకు చేయుట, ఇంటికి వచ్చినవారిని మర్యాదతో ఆదరించుట, ఇవన్నియు కలిసిన గుణమే సలీఖా. తెలుగున "పొందిక" అను మాట దీనికి దగ్గరగా ఉన్నది. భాషలు రెండైనను ఆదర్శము ఒక్కటే.

అయితే ఈ ఆదర్శమును గూర్చి రెండు అపోహలు మనలో పాతుకొనియున్నవి. ఇల్లు పొందికగా ఉండుట కలిగినవారికే సాధ్యమనునది మొదటిది. అది స్త్రీల పని మాత్రమే అనునది రెండవది. ఈ రెండును సరియైనవి కావని మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతముల జీవితమే మనకు బోధించుచున్నది.

శుభ్రత వేరు, క్రమము వేరు

కసువు చిమ్మి, కడిగి, మాలిన్యమును తొలగించుట శుభ్రత. ప్రతి వస్తువునకు ఒక స్థానమును, ప్రతి పనికి ఒక వేళను ఏర్పరచుట క్రమము. అద్దమువలె తుడిచిన యింటిలో కూడ క్రమము లేకపోవచ్చును. ఉపకారవేతనమునకు దరఖాస్తు పెట్టుటకు కడపటి దినము వచ్చును. ఆదాయ ధ్రువపత్రము ఏ పెట్టెలో ఉన్నదో తెలియదు. బ్యాంకు పుస్తకము ఏ పరుపు క్రింద ఉన్నదో గుర్తు లేదు. వెదకుటలోనే ప్రొద్దు క్రుంకును. అట్టి యింట నష్టమగునది ఒక కాగితము కాదు, ఒక విద్యార్థి యొక్క సంవత్సరము. కనుక క్రమమును అలంకారమని భావింపరాదు. అది కుటుంబమునకు రక్షణ.

ఆరోగ్యవరము నేర్పిన పాఠము

మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరమున 1915లో క్షయవ్యాధి చికిత్సాలయము ప్రారంభమైనది. డెన్మార్కు దేశీయుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి తొలి అధికారి. 1882లోనే రాబర్ట్ కోఖ్ క్షయ సూక్ష్మజీవిని కనుగొన్నను, దానిని చంపు మందు ఆనాటికి లేదు. స్వచ్ఛమైన గాలి, ఎండ, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, వేళ తప్పని దినచర్య, ఇవియే నాటి చికిత్స.

అటుపిమ్మట మందులు వచ్చినవి. 1956లో మద్రాసున క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము స్థాపింపబడినది. సరియైన మందులు క్రమముగా వాడినచో రోగికి ఇంటివద్ద జరుపు చికిత్స ఆసుపత్రి చికిత్సకు తీసిపోదని ఆ కేంద్రము 1959లో లోకమునకు వెల్లడించినది. నాటినుండి చికిత్సాస్థానము ఆసుపత్రినుండి ఇంటికి మారినది. వ్యాధిని నయము చేయునది మందే. కాని అది ఇతరులకు వ్యాపింపకుండ తోడ్పడునది గాలియును వెలుతురును. రోగి దగ్గినపుడు వెలువడు సూక్ష్మబిందువులు కదలని గాలిలో చాలసేపు తేలియాడుచుండును. తెరచిన కిటికీ వానిని పలుచన చేసి వెలుపలికి పంపును. సూర్యరశ్మి ఆ క్రిములను నశింపజేయును.

ఆంగ్లదేశీయురాలు ఫ్లారెన్సు నైటింగేల్ 1859లోనే ఇంటి ఆరోగ్యమునకు మంచి గాలి, మంచి నీరు, మురుగు పోవు మార్గము, శుభ్రత, వెలుతురు అను ఐదును ఆవశ్యకములని వ్రాసినది. మన యిండ్లలో జరుగునదేమి? ఉన్న ఒక్క కిటికీకి బీరువా అడ్డము పెట్టుదుము. దాని ప్రక్కన మూటలు పేర్చుదుము. పైన దండెము కట్టి బట్టలు వ్రేలాడదీయుదుము. బీరువాను ఎదుటి గోడకు జరుపుటకు పైకము అక్కరలేదు. చిన్నయింటికి క్రమము మరింత అవసరమే కాని తక్కువ అవసరము కాదు.

పట్టుపురుగుల యిల్లు

కుప్పం, పలమనేరు, మదనపల్లె ప్రాంతముల రైతులకు మల్బరీ సాగును పట్టుపురుగుల పెంపకమును జీవనాధారములు. ఈ వృత్తిలో ఇంటి క్రమమునకు వెల కట్టి చూపవచ్చును. పురుగు సుమారు ఇరువది ఐదు దినములు ఆకు తిని, నాలుగు మారులు జ్వరము పడి, ఐదవ దశ చివర గూడు కట్టును. ఈ నాలుగు వారములలో తట్టలలోని పాత ఆకును, మలమును వేళకు తీయకున్నను, చేతులు కడుగుకొనక ఆకు వేసినను, గదిలో గాలి ఆడకున్నను పాలరోగము, సున్నపుకట్టు రోగము పంటను తుడిచిపెట్టును. 1980లో కర్ణాటకమున ప్రవేశించిన ఊజీ ఈగ మరియొక శత్రువు. కిటికీ వలలో ఒక చిరుగు చాలును, అది లోనికి వచ్చి పురుగుపై గ్రుడ్డు పెట్టును.

1865లో ఫ్రాన్సు దేశమున పట్టుపురుగుల రోగమును పరిశీలింప లూయీ పాశ్చర్ అంతటి శాస్త్రజ్ఞుడు పూనుకొనెను. ఆరోగ్యవంతమైన విత్తనమును ఎంచుట, రోగము సోకినదానిని వేరుచేయుట, పెంపకపు గదిని శుభ్రముగా నుంచుట ముఖ్యమని ఆయన నిరూపించెను. నేడు మన పల్లెలలో చదువురాని రైతు కూడ బ్లీచింగ్ పొడితో గదిని కడిగి, గుమ్మమున సున్నము చల్లి, పాదరక్షలు వెలుపల విడిచి లోనికి పోవుచున్నాడు. పురుగుల గదికి చూపు ఈ శ్రద్ధను బిడ్డలు నిద్రించు గదికి కూడ చూపినచో ఎంత మేలు!

మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరలు నేయు కుటుంబములదియు ఇట్టి జీవితమే. గుంటమగ్గము ఇంటిలోనే ఉండును. వంట, నేత, చదువు, నిద్ర అన్నియు ఒక్క కప్పు క్రిందనే. పొయ్యి మసి గాని నూనె మరక గాని నేతపై పడిన చీర వెల పడిపోవును. వర్షపు నీరు గుంటలో చేరిన పని ఆగిపోవును. క్రమము లేని యింట ఆ వృత్తియే సాగదు. ఈ నేతగాండ్రు కలిగినవారు కారు. వారి పొందిక సంపదనుండి పుట్టినది కాదు, అవసరమునుండి పుట్టినది. మొదటి అపోహకు ఇదియే సమాధానము.

నీటి నిలువ

పొట్టిజాతి ఆవులకు పేరుగన్న పుంగనూరు సీమ వర్షాధారమైన మెట్టభూమి. ఇట్టిచోట నీటిని కాగులలోను, తొట్లలోను, పీపాలలోను నిలువచేయుట తప్పదు. కాని మూతలేని నిలువనీటిలోనే డెంగీ జ్వరమును వ్యాపింపజేయు దోమ పెరుగును. గ్రుడ్డు దోమగా మారుటకు సుమారు వారము, పది దినములు పట్టును. కావున వారమునకు ఒకమారు పాత్రను పూర్తిగా వంచి, లోపలి గోడను బాగుగా తోమవలెను. నీటిని మాత్రము పారబోసిన చాలదు. ఆ గ్రుడ్లు నీటిమట్టమునకు పైన గోడకు అంటుకొనియుండును. శుక్రవారమో ఆదివారమో ఒక దినమును నియమించుకొనినచో మరపు రాదు.

ఇది ఎవరి పని?

ఇక రెండవ అపోహ. డిప్యూటీ నజీర్ అహమద్ 1869లో ప్రకటించిన ఉర్దూ గ్రంథము "మిరాత్-ఉల్-ఉరూస్"లో అక్బరీ, అస్గరీ అను ఇద్దరు అక్కచెల్లెండ్రు కలరు. క్రమమెరుగని అక్బరీ సంసారమును చెడగొట్టుకొనును. అస్గరీ లెక్కలు చూచి, పరిచారిక చేయుచున్న మోసమును బయటపెట్టి, అత్తింటిని చక్కదిద్దును. ఈ కథను ఆదర్శ గృహిణి కథగా చెప్పుట పరిపాటి. కాని అందు గమనింపదగిన విషయము మరియొకటి కలదు. అస్గరీ ఇల్లు చక్కబెట్టి ఊరకుండలేదు, బాలికలకు చదువు చెప్పినది. ఇంటి క్రమమువలన మిగిలిన కాలమును ఆమె విద్యకు వినియోగించినది. తెలుగున కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1883లో "సతీహితబోధిని" పత్రికను స్త్రీల కొరకు స్థాపించుటలోని ఉద్దేశమును స్త్రీలకు జ్ఞానమును అందించుటయే.

నేడు మన విద్యార్థినులు కళాశాలకు వచ్చుటకు ముందే నీరు పట్టి, అంట్లు తోమి, కసువు చిమ్మి వచ్చుచున్నారు. సాయంకాలము మరల అదే పని. తమ్ముడు పుస్తకము తెరచువేళకు అక్క చీపురు పట్టవలసియున్నచో, ఆ యింట క్రమమున్నదని ఎట్లనగలము? అది ఒకరి విద్యను వెచ్చించి కొన్న క్రమము. ఇస్లాము పరిశుభ్రతను విశ్వాసములో సగమని చెప్పినది. ఆ ఆదేశము పురుషులకును స్త్రీలకును సమానము. ప్రవక్తగారు ఇంటనున్నప్పుడు కుటుంబపు పనులలో తోడ్పడెడివారని హజ్రత్ ఆయిషా తెలిపినట్లు హదీసులు చెప్పుచున్నవి. గాంధీజీ ఆశ్రమమున మరుగుదొడ్లు శుభ్రపరచు పనిని ఆశ్రమవాసులందరికిని విధించి, తానును చేసెను. ఇంతటివారు చేసిన పని మన యువకులకు చిన్నతనము కానేరదు.

ఆచరణకు కొన్ని సూచనలు

1. ధ్రువపత్రములు, పాసుపుస్తకములు, రసీదులు ఒకే పెట్టెలో ఉంచవలెను. పెట్టె ఎచ్చట ఉన్నదో ఇంటివారందరికి తెలియవలెను.
2. తీసిన వస్తువును తీసినవారే తిరిగి దాని చోట పెట్టవలెను.
3. ఉదయమున కిటికీలు తెరచి, పరుపులను వారమునకు ఒకమారైనను ఎండలో వేయవలెను.
4. మందులు, ఎలుకల పాషాణము, కిరోసిను పిల్లలకు అందనిచోట, ఆహారమునకు దూరముగా ఉంచవలెను.
5. ఇంటి పనులను కాగితముపై వ్రాసి, ఆడ మగ భేదము లేక పంచుకొనవలెను. చదువుకొను ప్రతి బిడ్డకు దినమునకు రెండు గంటల కాలమును, ఒక దీపమును, ఒక మూలను కేటాయింపవలెను.

ఈ ఐదింటిలో కడపటిది మిక్కిలి ముఖ్యము. తక్కిన నాలుగును దానికి సోపానములు. చక్కగా సర్దిన యిల్లు అతిథుల మెప్పు పొందవచ్చును. కాని అందలి ప్రతి బిడ్డయు చదువుకొనుటకు కాలమును చోటును దొరికిననాడే అది నిజముగా క్రమము గల యిల్లు. మన కళాశాల విద్యార్థులు ఈ మార్పును తమ యిండ్లనుండియే ఆరంభింతురుగాక!