లారీ నిండా గాలి!

కొత్త టీవీ పెట్టె విప్పినప్పుడు లోపల తెల్లని దిమ్మలు కనబడతాయి. వాటినే మనం థర్మోకోల్ అంటాం. చిటికెన వేలితో ఎత్తవచ్చు. ఇంత తేలికైన వస్తువును కరిగించి మళ్ళీ వాడుకోవడం ఎంతో సులభమని మీకు తోచవచ్చు. కాని ఆ తేలికదనమే అసలు చిక్కు! ఎందుకో చూద్దాం.

థర్మోకోల్‌ను పాలీస్టైరిన్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. చిన్న చిన్న పాలీస్టైరిన్ పూసలలో పెంటేన్ అనే ద్రవాన్ని ఇమిడ్చి, నీటి ఆవిరి తగిలిస్తారు. వేడికి ప్లాస్టిక్ మెత్తబడుతుంది. పెంటేన్ వాయువుగా మారి పూసను పేలాలలాగా ఉబ్బిస్తుంది. ఉబ్బిన పూసలను అచ్చులో పోసి మళ్ళీ ఆవిరి పట్టిస్తే, అవి అతుక్కొని దిమ్మ అవుతుంది. క్రమంగా పెంటేన్ బయటికి పోయి, దాని స్థానంలో గాలి నిండుతుంది.

ఇప్పుడొక లెక్క. ఒక ఘనపు మీటరు థర్మోకోల్ దిమ్మ సుమారు 20 కిలోలు తూగుతుందనుకుందాం. గాలి లేని పాలీస్టైరిన్ అదే చోటులో 1,050 కిలోలు పడుతుంది. అంటే 1,000 లీటర్ల దిమ్మలో ప్లాస్టిక్ 19 లీటర్లు మాత్రమే. ఒక బకెట్టెడు! మిగిలిన 981 లీటర్లూ గాలే. 30 ఘనపు మీటర్లు పట్టే లారీని దీనితో నింపితే సరుకు 600 కిలోలే. ఇక డీజిల్ ఖర్చు చాలావరకు గాలిని తిప్పడానికే!

రెండవ చిక్కు వేడితో వస్తుంది. బుడగలలో చిక్కుకున్న గాలి అధమ ఉష్ణవాహకం. ఐసు పెట్టెలకు థర్మోకోల్ వాడేది ఇందుకే. దిమ్మను ఉన్నదున్నట్లుగా వేడిచేస్తే పైభాగం మాడుతుంది, లోపలికి వేడి త్వరగా చేరదు. ఇంధనం వృథా.

అందుచేత మొదట గాలిని తీసివేయాలి. పోగుచేసిన చోటనే దిమ్మలను ముక్కలు చేసి, యంత్రంతో గట్టిగా నొక్కి, ఇటుకల్లాగా చేస్తారు. తర్వాత కర్మాగారంలో వాటిని కరిగించి, తీగలుగా లాగి, గుళికలుగా కత్తిరిస్తారు. ఆ గుళికలతో ఫొటో ఫ్రేములు, స్కేళ్లు వంటివి చేయవచ్చు. అయితే కూర, నూనె అంటిన పళ్ళేలను ముందుగా శుభ్రం చేయాలి. అది కష్టమైన పని.

నొక్కకుండానే గాలిని తీసే ఉపాయం మరొకటి ఉంది. మీరే చేసి చూడండి. తాజా కమలాపండు తొక్కను థర్మోకోల్ ముక్క మీద గట్టిగా పిండండి. చుక్కలు పడినచోట చిన్న గుంటలు ఏర్పడతాయి. తొక్కలోని లిమొనీన్ అనే నూనె పాలీస్టైరిన్‌ను కరిగిస్తుంది. బుడగల గోడలు కూలి, గాలి బయటికి పోతుంది. తర్వాత నూనెను ఆవిరి చేసి ప్లాస్టిక్ నుంచి వేరుచేయవచ్చు, మళ్ళీ వాడవచ్చు. కాని ఆవిరి చేయడానికీ వేడి కావాలి. అందువల్ల పీడనం తగ్గించి, తక్కువ వేడితోనే ఆ పని జరిపిస్తారు. ఖర్చు ఏ పద్ధతిలోనైనా ఉంటుంది. ఎక్కడ తక్కువో లెక్క చూసుకోవాలి.

థర్మోకోల్‌ను ఎన్నడూ కాల్చకండి. దాని నల్లని పొగ ఆరోగ్యానికి హానికరం. అలంకరణకు వాడే థర్మోకోల్‌ను మన దేశంలో 2022 జూలై 1 నుంచి నిషేధించారు. వాడకపోతే గాలిని మోసే పనే ఉండదు కదా!

మీ ఇంట్లో ఉన్న ఒక దిమ్మ పొడవు, వెడల్పు, ఎత్తు కొలవండి. త్రాసులో తూచండి. అందులో ప్లాస్టిక్ ఎంతో, గాలి ఎంతో మీరు చెప్పగలరా?