రాయి పగులు తీరు

కామారెడ్డి జిల్లాలోని తాడ్వాయి ప్రాంతమున గుట్టలకును గుండ్లకును కొదువ లేదు. ఇంటి పునాదికి రాయి, బాటకు కంకర ఇట్టి గుట్టల నుండియే లభించుచున్నవి. ఊరి పనులకు రాయి కొట్టించు పంచాయతీ సభ్యులు అది ఎట్లు పగులునో, ఏల అట్లు పగులునో తెలిసికొనుట అవసరము. ఈ తెలివి పనికి ఉపకరించుటయే గాక, రాయి కొట్టువారి ప్రాణములకు రక్ష కూడ కాగలదు.

గ్రానైటు ముక్క నొకదానిని ఎండలో త్రిప్పి చూతము. అందు ముఖ్యముగా మూడు ఖనిజములు కన్పట్టును. గాజువలె మెరయునది పలుగురాయి, అనగా క్వార్ట్జు. చదునైన ముఖములతో తళుక్కుమను తెల్లని లేక గులాబి రంగు పలుకులు ఫెల్‌స్పారు. నల్లని పలుచని రేకులు అభ్రకము. అభ్రకమును గోటితోనే పొరలుగా విడదీయవచ్చును. ఫెల్‌స్పారు రెండు దిక్కులందు చదునుగా చీలును. ఆ రెండు తలములును ఇంచుమించు మూలమట్టముగా కలియును. పలుగురాయి ఏ దిక్కునను చదునుగా చీలదు. ఆలిచిప్ప లోపలి భాగమువలె వంపు దేరి పగులును.

ఈ భేదమునకు కారణమేమి? ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు హవీ, ఖనిజమును ఎంత చిన్నదిగా చీల్చినను ముక్కల రూపము మారకుండుటను గమనించి, లోపల క్రమమైన కట్టుబడి ఉండవలెనని 1784లో ప్రకటించెను. 1912లో జర్మనీలో లావే ఎక్స్‌కిరణములతో దీనికి రుజువు చూపెను. మరుసటి సంవత్సరమున ఇంగ్లండులో బ్రాగ్ తండ్రీకొడుకులు ఉప్పుకల్లులోని అణువుల అమరికను కనుగొనిరి. ఇట్టి అమరిక గలది స్ఫటికము. బంతిలో కూర్చున్నవారివలె అందు అణువులు వరుస తప్పవు. వరుసల నడుమ పట్టు సడలిన చోట స్ఫటికము చీలును. అభ్రకములో పొర లోపలి పట్టు గట్టిది, పొరకును పొరకును నడుమ పట్టు బలహీనము. పలుగురాతిలో సిలికాన్, ఆక్సిజన్ అణువుల పట్టు అన్ని దిక్కులందును గట్టిదే. కావున అది స్ఫటికమైనను చీలదు, పగులును.

గాజు, లక్క, సాంబ్రాణి స్ఫటికములు కావు. గాజులోను సిలికాన్, ఆక్సిజన్ కలవు. కాని కరగిన పదార్థము వేగముగా చల్లారుటచే అణువులు వరుస దీరకమునుపే గట్టిపడినవి. జాతరలోని గుంపువలె వాటికి క్రమము లేదు. ఉప్పు 801 డిగ్రీల సెంటీగ్రేడు వేడివద్ద ఒక్కసారిగా కరగును. గాజు అట్లు గాక కొంచెము కొంచెముగా మెత్తబడును. గాజును వేడిచేసి కోరిన రీతిగా వంచుటకు వీలగుట ఇందువలననే.

గుండు మొత్తము ఒకే స్ఫటికము కాదు. వేలకొలది పలుకుల కూడిక. కావుననే రాతిపనివారు వరుసగా గండ్లు తొలిచి, వాటిలో ఇనుప చీలలు దిగగొట్టుదురు. గండి నుండి గండికి పగులు సాగి రాయి రెండగును. తాండూరు బండ పలకలుగా లేచుట వేరు సంగతి. అది ఒండ్రు పొరలుగా పేరుకొని గట్టిపడిన సున్నపురాయి.

ఇక ముఖ్య విషయము. గ్రానైటు కొట్టునపుడు లేచు సన్నని దుమ్ములో పలుగురాతి స్ఫటికములుండును. అవి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అను వ్యాధిని కలిగించును. దానిని పూర్తిగా నయము చేయు మందు లేదు. ఈ రోగులకు క్షయ సోకు ప్రమాదము హెచ్చు. క్షయ యనియే పొరబడుటయు కలదు. ఈ స్ఫటిక ధూళి పుట్టకురుపునకు కారణమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1997లో నిర్ణయించెను. స్ఫటికము కాని సిలికాను ఆ వర్గమున చేర్చలేదు. పదార్థము ఒకటియే అయినను అమరిక మారిన ఫలితము మారును.

కావున రాయిని తడిపి కొట్టించవలెను. గండ్లు తొలుచునపుడు నీరు పట్టించవలెను. కంకర యంత్రము ఇండ్లకును బడికిని దూరముగా ఉండునట్లు చూడవలెను. మూతికి చుట్టిన తువాలు సన్నని దుమ్మును ఆపజాలదు. తగిన ముసుగులు ఇప్పించవలెను. దగ్గు, ఆయాసము గలవారిని పరీక్షకు పంపునపుడు, వారు రాయి కొట్టువారని వైద్యునికి తప్పక తెలుపవలెను. పంచాయతీ సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టుడని సభ్యులను కోరుచున్నాము. మన బాటలకు కంకర సమకూర్చు శ్రామికుని ఊపిరిని కాపాడుట మన విధి.